కోత పప్పు మీద పడుతోంది

తెలంగాణలో ఆరు నెలలు నిండి అయిదేళ్లు దాటని పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. అంతకు ముందు 2015–16 సర్వేలో ఇదే లెక్క 60.7. రాష్ట్రంలో వరి పంట ఏటేటా పెరిగిన కాలంలోనే నూటికి మరో తొమ్మిది మంది పిల్లలు ఈ జాబితాలో చేరారు. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. అయిదేళ్ల లోపు పిల్లల్లో ముగ్గురిలో ఒకరికి వయసుకు తగిన ఎత్తు లేదు. అదే సర్వేలో మహిళల్లో 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. కడుపు నిండుతోంది, ఒళ్లు వస్తోంది, రక్తం మాత్రం పట్టడం లేదు.

పోషకాహారం నా వృత్తి. సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల కుటుంబాలు ఏం వండుకుంటున్నాయో చూడటం నా పనిలో భాగం. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, రుద్రారం, కంది, ఎక్కడ చూసినా పొదుపుగా బతకడం తెలియని ఇల్లు లేదు. ఇంటి అద్దె తగ్గదు. చిట్టీ ఆగదు. సిలిండర్, బడి ఫీజు, ఊరికి పంపే డబ్బు, వీటిలో దేన్నీ కదపలేరు. కదిలేది కిరాణా చీటీ ఒక్కటే. ఆ చీటీలో కూడా బియ్యం, నూనె, చాయ్‌పత్తి, చక్కెర నిలబడతాయి. పప్పు రెండు కిలోల నుంచి కిలోకు దిగుతుంది. గుడ్లు వారానికోసారి అవుతాయి. ఆకుకూర, పండు వీలుంటేనే. నన్ను భయపెడుతున్నది ఈ కోత. డబ్బు తక్కువగా ఉండటం ఎంత నిజమో, ఉన్న డబ్బులో కోత తప్పు చోట పడుతుండటం కూడా అంతే నిజం.

ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పుధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, 35 గ్రాముల పల్లీలూ నువ్వుల వంటి గింజలు, 27 గ్రాముల నూనె ఉండాలని అందులో చెప్పింది. నలుగురున్న ఇంటికి నెలకు చూస్తే 30 కిలోల ధాన్యం, 10 కిలోల పప్పులు. బరువు పని చేసేవారికి కొంత ఎక్కువ కావాలి, చిన్నపిల్లలకు తక్కువ చాలు. మొత్తం మీద ఇంటికి ఈ అంచనా సరిపోతుంది.

ఇప్పుడు రేషన్ చూడండి. మనిషికి 6 కిలోల చొప్పున ఆ నలుగురికీ 24 కిలోల బియ్యం ఉచితంగా వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. ఆకలిని ఆపిన పథకం ఇది, దీని విలువను తక్కువ చేసే మాట నా నోట రాదు. ఇంటికి కావలసిన ధాన్యంలో 80 శాతం ఇక్కడే తీరిపోతోంది. పప్పు వాటా మాత్రం సున్నా. ఉచితంగా వచ్చింది పళ్లెంలో పెరుగుతుంది, కొనవలసింది తగ్గుతుంది. ఇందులో ఏ తల్లి తప్పూ లేదు. ధరలు ఆమెతో ఆ నిర్ణయం చేయిస్తున్నాయి.

పప్పు తగ్గిన ఇంట్లో అన్నం ఎలా దిగుతుంది? తొక్కుతో, పచ్చిపులుసుతో, ఎల్లిపాయ కారంతో. పులుపు, ఉప్పు, కారం నాలుక మీద గట్టిగా పడితే రెండు గరిటెల ఆదరువుతో పళ్లెం నిండా అన్నం తినేయవచ్చు. రుచికి లోటు లేదు కాబట్టి భోజనంలో లోటు ఉందని ఎవరికీ అనిపించదు. పప్పు చేయవలసిన పనిని నాలుక దృష్టిలో తొక్కు చేసేస్తోంది, ఒంటికి మాత్రం చేయడం లేదు. పైగా ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ఇలాంటి భోజనంలో తేలిగ్గా దాటిపోతుంది.

బియ్యంలో ఏముందో, ఏం లేదో కూడా తెలియాలి. మర పట్టిన బియ్యం 100 గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, 0.65 మాత్రమే. పిల్లలు కనే వయసు మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు. ఆమె అర కిలో బియ్యం వండుకుని తిన్నా మూడు మిల్లీగ్రాములకు కాస్త పైన అందుతుంది. మాంసకృత్తుల సంగతీ అంతే. బియ్యంలోనివి లైసిన్ అనే అంశం తక్కువగా ఉన్నవి, పప్పులో అది దండిగా ఉంటుంది. రెండూ కలిస్తేనే ఒళ్లు వాటిని పూర్తిగా వాడుకుంటుంది. ధాన్యం మూడు పాళ్లు ఉంటే పప్పు ఒక పాలు ఉండాలన్న కొలత ఇందుకే. మన పెద్దల పప్పన్నం ఈ కొలతకు దగ్గరగానే ఉండేది.

పిండిపదార్థం మీదే బతకడం వల్ల రెండో ప్రమాదం కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన మధుమేహ అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులు ఉన్నారని అది చెప్పింది. అదే అధ్యయనం నుంచి 2025లో వచ్చిన మరో పత్రం, మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని, అందులో కొంత భాగాన్ని మాంసకృత్తులతో మారిస్తే మధుమేహం ముప్పు తగ్గుతుందని లెక్క కట్టింది. షిఫ్టుల్లో రాత్రి మేలుకుని, వేళ తప్పి తినే కార్మికుడికి ఈ మాట మరింత వర్తిస్తుంది.

డబ్బు ఎటు పోతోందన్నది తర్వాతి ప్రశ్న. 2022–23 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలు మొత్తం ఖర్చులో 9.62 శాతాన్ని పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారం మీద పెడుతున్నాయి. ధాన్యం మీద పెడుతున్నది 4.91 శాతమే. పట్టణాల్లో తయారైన ఆహారం వాటా 10.64కు చేరింది. బయట కొనుక్కునే భోజనం కూడా ఇందులో కలుస్తుంది కాబట్టి అంతా చిప్సు ప్యాకెట్లేనని అనలేం. కానీ దిశ స్పష్టంగా ఉంది. ఇద్దరు పిల్లలకు రోజూ చెరొక పది రూపాయల ప్యాకెట్ కొంటే నెలకు 600 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలు అనుకున్నా ఆ డబ్బుకు 85 గుడ్లు వస్తాయి. తీరిక లేని తల్లి ఏడుస్తున్న బిడ్డ చేతిలో ప్యాకెట్ పెట్టడం నాకు అర్థమవుతుంది. ఆ ప్యాకెట్‌లో ఉప్పు, నూనె, పిండి తప్ప ఆ బిడ్డ ఎదుగుదలకు పనికొచ్చేది దాదాపు ఏమీ లేదని చెప్పకుండా ఉండటం మాత్రం నా వల్ల కాదు.

ఇది సరిచేయగల సంగతి అనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ పక్కనున్న 29 గ్రామాల్లో ఒక పరీక్ష చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి రోజూ పెట్టారు. మిగతా 14 గ్రామాల్లో ఆ పథకం అప్పటికి లేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక వెళ్లి కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిగువు కూడా తక్కువే. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించింది. రోజుకు ఒక గిన్నెడు ఉప్మా చేసిన మేలు పదిహేనేళ్ల తర్వాత కూడా ఒంట్లో నిలిచి ఉందంటే, ఈరోజు తగ్గిన ఒక గరిటె పప్పు చేసే నష్టం కూడా అంత కాలం నిలుస్తుంది.

పటాన్‌చెరు వాళ్లకు ఇంకో సంగతి గుర్తు చేయాలి. 1972లో ఇక్కడ ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్ట భూముల రైతుల కోసం ప్రపంచంలోనే పేరున్న పరిశోధన సంస్థ అది. అది ప్రధానంగా పట్టుకున్న పంటలు అయిదు: జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ. తక్కువ ఖర్చులో కుటుంబాన్ని పోషించడానికి ఏవి కావాలని నన్నడిగినా ఈ అయిదింటి పేర్లే చెబుతాను. 100 గ్రాముల జొన్నలో దాదాపు 4 మిల్లీగ్రాముల ఇనుము, సజ్జలో 6కు పైగా ఉంటుంది. పీచు బియ్యంలో కన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఇక్రిశాట్ పాలుపంచుకుని రూపొందించిన ధనశక్తి అనే సజ్జ రకంలో ఇనుము ఇంకా ఎక్కువ. ఇనుము పెంచిన ఆ సజ్జతో మహారాష్ట్రలోని హాస్టల్ పిల్లలకు ఆరు నెలలు రొట్టెలు చేసి పెట్టారు. ఇనుము లోపం ఉన్న పిల్లల్లో, మామూలు సజ్జ తిన్నవాళ్లకన్నా వీళ్లకు ఆ లోపం తీరే అవకాశం 1.6 రెట్లు పెరిగిందని 2015లో వచ్చిన పత్రం చెప్పింది. ఈ విత్తనాల మీద ప్రపంచమంతా ఇక్కడికి వచ్చి నేర్చుకుంటోంది. ఆ ప్రహరీ బయటి వంటిళ్లలో ఇవే తగ్గిపోతున్నాయి.

జొన్న ఒక్కటే మందు అని నేను అనను. 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దక్కన్ పీఠభూమిలో జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా వ్యాధిని గుర్తించి ప్రపంచానికి చెప్పారు. ఎండ తగిలిన చర్మం నల్లబడి పెచ్చులూడటం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. ఏ ఒక్క ధాన్యం మీద ఆధారపడినా ఇలాంటి మూల్యం ఉంటుంది. అప్పుడు జొన్న, ఇప్పుడు బియ్యం. పక్కన పప్పు, ఆకు, గింజ, గుడ్డు ఉండాలన్నదే ఆనాటి పాఠం.

ఆ పాఠాన్ని ఆచరించి చూపినవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఎక్కువమంది దళిత మహిళా రైతులే. బీళ్లను సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, 1990లలో తమ ఊళ్ల పేదలకు తామే ధాన్యం పంచే ఏర్పాటు చేసుకున్నారు. ఒకే చేలో జొన్న, కంది, అనుములు, పెసర, నువ్వులు కలిపి వేస్తారు. విత్తకుండా మొలిచే ఆకుకూరలను కూడా పంటగానే లెక్కిస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వీరికి వచ్చింది. పటాన్‌చెరుకు డెబ్బై కిలోమీటర్ల దూరంలో, పెద్దగా డబ్బు లేని మహిళలు సాధించిన సంగతి ఇది.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. రుచి లేని సలహాకు విలువ లేదు. ఇంట్లో ఎవరూ రెండోసారి తినరు. కాబట్టి తొక్కుకు పడే పోపునే పప్పుకు పెట్టండి. ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, జీలకర్ర మాడకుండా వేయించి, చింతపండు పులుసు కొద్దిగా తగిలిస్తే గంగవాయిలి కూర పప్పును పిల్లలు కూడా అడిగి పెట్టించుకుంటారు. గంగవాయిలి దొరకకపోతే తోటకూర, పుంటికూర, చుక్కకూర, మునగాకు. ఆకు పడితే పప్పు కూడా ఎక్కువ మందికి వస్తుంది. అయితే నీళ్లు పోసి సాగదీయవద్దు. నలుగురికి పూటకు ఒక గ్లాసు పప్పన్నా పడాలి. కందిపప్పు ధర భారమైన నెలలో శనగపప్పు, పెసరపప్పు కలిపి వండవచ్చు. గంట ముందు నానబెడితే గ్యాసు మిగులుతుంది.

సాయంత్రం ప్యాకెట్ స్థానంలో గుడాలు పెట్టండి. బబ్బెర్లు గాని శనగలు గాని పొద్దున డ్యూటీకి పోయేముందు నానబోసి, సాయంత్రం ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెడితే పది నిమిషాల పని. నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల గింజల్లో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది. రేషన్ బియ్యాన్నే బలమైన తిండిగా మార్చేది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం కలిపి, గిన్నె అడుగున ఒత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి, చెంచాడు నూనెతో మూత పెట్టి సన్నని మంట మీద కాల్చండి. మరునాడు టిఫిన్ డబ్బాలో కూడా బాగుంటుంది. జొన్న రొట్టె కొట్టే తీరిక, అలవాటు లేని ఇంట్లో జొన్న రవ్వతో గట్క కుక్కర్‌లోనే అవుతుంది. తైద అంబలి చిన్నపిల్లలకు మంచిది. 100 గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

గుడ్డు తినే ఇంట్లో వారానికి మూడు నాలుగు సార్లయినా గుడ్డు పులుసు వండండి. మాంసానికి డబ్బు లేని వారం కోడి కార్జం పావుకిలో తెచ్చినా చాలు. దాంట్లోని ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. భోజనంతో పాటు చాయ్ తాగవద్దు. తేయాకులోని టానిన్లు ఆకుకూర, పప్పుల్లోని ఇనుమును సగానికి పైగా అడ్డుకుంటాయి. గంట ఆగి తాగండి.

దీనికి తోడు ఒక పండు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కౌమార వయసు పిల్లలకు అన్నం భోజనంతో పాటు జామపండు పెట్టి కొలిచారు. భోజనంలోని ఇనుము ఒంటికి రెట్టింపుకు పైగా పట్టిందని 2013లో ప్రచురించారు. జామలోని సి విటమిన్ చేసిన పని అది. కోహీర్ జామకు పేరున్న జిల్లా మనది. సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం కోహీర్ జామను అలహాబాద్ సఫేదాతో కలిపి సఫేద్ జామ్, కోహీర్ సఫేదా అనే సంకర రకాలు తయారుచేసింది. సీజన్‌లో అంగడి నుంచి కిలో జామ తెచ్చి అన్నం తిన్న వెంటనే తలా ఒక ముక్క తినండి. సీజన్ కాని రోజుల్లో పప్పు దించాక అందులో నిమ్మరసం పిండండి.

ఆకుకూర తినమని చెప్పే నేను ఇంకో మాట కూడా చెప్పాలి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఇక్కడి నేలలో భారలోహాలు ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో రాశారు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మొక్క వేరు ద్వారా పీల్చుకున్న లోహం ఎంత కడిగినా పోదు. కాబట్టి వాగుల వెంట, నాలాల పక్కన పెంచిన ఆకుకూర చవకగా దొరికినా కొనవద్దు. ఎక్కడి కూర అని అడిగి కొనండి. డాబా మీద రెండు తొట్లలో తోటకూర, ఖాళీ స్థలం ఉంటే ఒక మునగ చెట్టు పెంచుకున్నా మేలే. శుభ్రమైన ఆకుకూర పేదవాడికి అందేలా నేలనూ నీటినీ పరీక్షించి ఫలితాలు ఊరూరా చెప్పవలసిన బాధ్యత కాలుష్య నియంత్రణ మండలిది.

వంటింటికి చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. ధరలు చేయించిన కోతను ధరలే సరిచేయాలి. 2013లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చింది. అందులో కిలో కందిపప్పు ఉంది. ఇప్పుడు ఆ పథకం లేదు. సన్నబియ్యం ఇవ్వగలిగిన రాష్ట్రం కార్డుకు నెలకు రెండు కిలోల పప్పు సగం ధరకైనా ఇవ్వాలి. మన తాండూరు, జహీరాబాద్ రైతుల కందులను మద్దతు ధరకు కొని ఇస్తే రైతు ఇంటికీ, కార్మికుడి ఇంటికీ మేలు.

కంపెనీల వంతు కూడా ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 46వ సెక్షన్ 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను కాంట్రాక్టు కార్మికులతో కలిపి 100కు తగ్గించింది. ఆ క్యాంటీన్‌లో రోజూ చిక్కని పప్పు, ఒక గుడ్డు లేదా గుడాలు ఉండాలని కార్మిక సంఘాలు వేతన ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలకు ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఇక్కడే కేంద్రం వాటా బియ్యం తీసుకునే హక్కు ఉంది. వాళ్ల గర్భిణులకు, పిల్లలకు అంగన్‌వాడీ తలుపు తెరిచే ఉండాలి. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు రోజూ ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు రావాలి. చాలామంది కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సంగతే తెలియదు. పక్కింటివాళ్లు చెప్పినా చాలు.

కడుపులో ఉన్న తొమ్మిది నెలలు, పుట్టిన తర్వాత మొదటి రెండేళ్లు. ఎదుగుదలలో ఈ కాలం దాటితే పోయింది పూర్తిగా తిరిగి రాదు. అప్పుడు ఇనుము అందని మెదడు తర్వాత చదువులో ఆ లోటు మోస్తుంది. ప్రభుత్వం నిర్ణయం తీసుకునే దాకా ఏ బిడ్డ వయసూ ఆగదు. కాబట్టి ఈ నెల జీతం రాగానే కిరాణా చీటీలో మొదటి వరుస పప్పు రాయండి, రెండో వరుస గుడ్లు, మూడో వరుస పల్లీలు. బియ్యం ఎలాగూ వస్తుంది, నూనె, చక్కెర, ప్యాకెట్లు ఆ తర్వాత మిగిలిన డబ్బుతో కొనండి. కోత తప్పని నెలలో కింది వరుసల మీద కోయండి, పై మూడింటి జోలికి పోకండి.